ల్యాబ్‌కీ పగ్‌కీ పండ్ల ఐసు: రాయిలా గట్టిపడకుండా, నీళ్ళు విడిపోకుండా ఎలా చెయ్యాలి?

సైనిక్‌పురి ల్యాబ్:

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు కుక్కలు: ఒక ల్యాబ్, అంటే ల్యాబ్రడార్ (నాలుగేళ్ళు, 30 కిలోలు), ఒక పగ్ (రెండేళ్ళు, 8 కిలోలు). మధ్యాహ్నం పూట ఇద్దరికీ పండ్లతో ఐసు చేసి పెడదామని. పుచ్చకాయ మిక్సీలో తిప్పి ఐస్ ట్రేలో పోస్తే మూడు సమస్యలు వస్తున్నాయి:

1. కింద నీళ్ళ ఐసు, పైన గుజ్జు. రెండు పొరలుగా విడిపోతోంది.
2. రాయిలా గట్టిగా అవుతోంది. పగ్ నాకి వదిలేస్తుంది, ల్యాబ్ కటకటా నమిలేస్తుంది లేదా అలాగే మింగేస్తుంది.
3. ట్రేలోంచి ఊడి రాదు.

ఫ్రిజ్ పాత సింగిల్ డోర్. పెరుగు కలపొచ్చా? మామిడి పండ్లు వచ్చాయి కదా, పెట్టొచ్చా? రోజుకి ఎన్ని ముక్కలు? కొలతలతో చెప్తే మేలు.

---

మూడో అర:

వరసగా చెప్తాను.

పుచ్చకాయలో 90 శాతం పైనే నీళ్ళు. మిక్సీ ఆపకుండా తిప్పితే గాలి చేరి నురగ వస్తుంది. నురగతో పాటు పీచు పైకి తేలుతుంది, నీళ్ళు కిందికి దిగుతాయి. మీ ఫ్రిజ్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కాబట్టి విడిపోవడానికి బోలెడంత టైము దొరుకుతుంది. గట్టిదనం కూడా అక్కణ్ణుంచే. కింది పొర ఉత్త నీళ్ళ ఐసు కదా.

మందు ఒకటే. నీళ్ళు తగ్గించాలి, మధ్యలో ప్రోటీనో కొవ్వో పిండి పదార్థమో ఉండాలి. అవి అడ్డం పడితే పెద్ద పెద్ద స్ఫటికాలు కట్టవు, పంటికి మెత్తగా తెగుతుంది. నీళ్ళు వడకట్టిన పెరుగు, అరటిపండు ఇందుకే వాడతారు, రుచి కోసం కాదు.

పుచ్చకాయ ఐసు కొలత:
- గింజలు తీసిన ఎర్ర గుజ్జు, నీళ్ళు వార్చాక 300 గ్రాములు
- గట్టి పెరుగు 100 గ్రాములు
- బాగా మగ్గిన అరటిపండు 50 గ్రాములు (చిన్నదైతే ఒకటి, పెద్దదైతే సగం)

ముక్కల్ని మిక్సీలో ఆపి ఆపి మూడు నాలుగు సార్లు తిప్పండి, అంతే. సన్న జల్లెడలో పోసి పదిహేను నిమిషాలు వదిలేయండి. నొక్కొద్దు. దిగిన నీళ్ళు పారబోయకండి, కుక్కల నీళ్ళ గిన్నెలో నాలుగు చెంచాలు కలిపితే ఇంకో నాలుగు గుటకలు ఎక్కువ తాగుతాయి. పెరుగు పలచగా ఉంటే పల్చటి నూలుబట్టలో మూటకట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లోనే వేలాడదీయండి. బయట వేలాడదీస్తే ఈ ఎండకి పులిసిపోతుంది. అరటిపండుని ఫోర్కుతో మెదిపి మూడూ గరిటెతో కలపండి. ఇక్కడ మళ్ళీ మిక్సీ వేస్తే మళ్ళీ నురగే.

మామిడి: బంగినపల్లి గుజ్జు 200, పెరుగు 200, నీళ్ళు 100 మిల్లీలీటర్లు. రసాలైతే పీచు ఎక్కువ, జల్లెడ పట్టాలి. తొక్క, టెంక రెండూ ఇంట్లో చెత్తబుట్టలో కాకుండా బయట పడేయండి. టెంక జారుడుగా, సరిగ్గా గొంతు దాటే సైజులో ఉంటుంది, పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే. ల్యాబ్ ఉన్న ఇంట్లో చెత్తబుట్ట మూతని నమ్మకూడదు.

పాత సింగిల్ డోర్‌లో ట్రేని కింద పరిచిన ప్లాస్టిక్ జాలీ మీద కాదు, ఫ్రీజర్ అడుగు లోహానికి ఆనేలా పెట్టండి. అడుగున ఒక చెంచా నీళ్ళు చల్లి దానిమీద పెడితే పట్టుకుంటుంది, చల్లదనం త్వరగా ఎక్కుతుంది. ట్రేలో ఒక సెంటీమీటర్ లోతుకి మించి పోయొద్దు. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవి, ముక్క మెత్తన.

ఊడి రాకపోవడానికి కారణం గట్టి ప్లాస్టిక్ ట్రే. సిలికాన్ ట్రే కొనండి, ఒక్కో గుంట 15 మిల్లీలీటర్లు పట్టేది, వెనక నుంచి వేలితో నొక్కితే బయటికి వస్తుంది. పాతదే వాడాలంటే అడుగుభాగాన్ని పది సెకన్లు మామూలు కుళాయి నీళ్ళలో ముంచండి. చాకుతో పొడిచి తీస్తే ప్లాస్టిక్ పెచ్చులు ఐసులో కలుస్తాయి.

చివరగా గోటి పరీక్ష. ముక్కని బయట పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. బొటనవేలి గోరు నొక్కితే గాటు పడాలి. పడకపోతే ఇంకా ఆగాలి. కుక్కల పైదవడలో వెనకవైపు ఉండే పెద్ద నమిలే పన్ను గట్టి వస్తువు మీద పలకలా చీలిపోతుంది. అది లోపలి నరం దాకా విరిగితే పీకడమో రూట్ కెనాలో తప్ప వేరే దారి లేదు. ఉత్త ఐసు ముక్కలు కటకటలాడించే కుక్కకి ఉత్త ఐసు అలవాటు మాన్పించడమే మంచిది.

---

నల్లకుంట దేశీ:

పైన చెప్పింది మంచిగుంది. ఏం పెట్టొద్దో నేను రాస్త.

ద్రాక్ష ఒక్కటి కూడ వద్దు. అనాబేషాహీ గానీ, సీడ్‌లెస్ గానీ, కిస్మిస్ గానీ. కిడ్నీలు ఖరాబైతయి. ఎన్ని తింటే ఎక్కుతదో లెక్క లేదు, ఒక కుక్క గుప్పెడు తిని బాగుంటది, ఇంకోటి నాలుగింటికే పడిపోతది. దానికి కారణం ద్రాక్షల ఉండే టార్టారిక్ ఆమ్లం అని ఇప్పుడు డాక్టర్లు అనుకుంటున్నరు. గదే ఆమ్లం చింతపండుల దండిగ ఉంటది. అందుకే పులిహోర, చారు అన్నం కుక్కకి అలవాటు చెయ్యకుర్రి. ఇది చానామందికి తెల్వదు.

పీనట్ బటర్ కలుపుదాం అనుకుంటరు. డబ్బా వెనక చదువుర్రి. "షుగర్ ఫ్రీ" అని ఉండి లోపల జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) ఉంటే విషమే. కొన్నిటిమీద పేరు రాయరు, 967 అని నంబర్ ఉంటది. కిలో బరువుకి 0.1 గ్రాముతోనే షుగర్ పడిపోతది, అంటే పది కిలోల కుక్కకి ఒక్క గ్రాము చాలు. అరగంటల తూలుడు మొదలైతది. గా డబ్బా తలనొప్పి ఎందుకు, పల్లీలు వేయించి పొట్టు తీసి మిక్సీ పడితే అయిపాయె. ఉప్పు, బెల్లం వెయ్యకు. బూజు పట్టిన, ముడుచుకున్న పల్లీలు ఏరి పారెయ్యి, దాంట్ల అఫ్లటాక్సిన్ ఉంటది, కాలేయం మీద పడతది.

మిగిలినయి:
- ఆపిల్ గింజలు, సీతాఫలం గింజలు, నేరేడు గింజ, సపోటా గింజ తీసెయ్యాలె. సపోటా గింజకి కొక్కెం ఉంటది సూడు, గొంతుల గుచ్చుకుంటది.
- బత్తాయి తొనలు ఒకటి రెండు ఏం కాదు. తొక్క వద్దు. నిమ్మకాయ అసలే వద్దు.
- బండి మీద కోసి అమ్మే ముక్కలు వద్దు. ఉప్పు, చాట్ మసాలా చల్లి ఉంటది.
- టెట్రా ప్యాక్ జ్యూస్, రస్నా, చెరుకు రసం, షర్బత్: ఉత్త చక్కెర.
- శ్రీఖండ్, బాసుంది మిగిలింది కదా అని గడ్డకట్టించి పెట్టకుర్రి. చక్కెర సంగతి అట్లుంచు, జాజికాయ కూడ పడి ఉంటది. అది కుక్కలకి పడదు.

ద్రాక్ష గానీ జైలిటాల్ గానీ తిన్నదని తెలిస్తే ఇంట్ల ఉప్పునీళ్ళు తాగించి కక్కించకుర్రి. ఉప్పు ఎక్కువై దానితోనే ఫిట్స్ వస్తయి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్నింటికి తిన్నది, మూడూ ఫోన్‌ల చెప్పుకుంట దవాఖానకి బయల్దేరుర్రి. వాంతి పని డాక్టరే చేస్తడు.

---

సైనిక్‌పురి ల్యాబ్:

చాలా థ్యాంక్స్ అండీ. నల్లకుంట గారూ, చింతపండు సంగతి కొత్తగా తెలిసింది, మా అత్తయ్యగారికి ఇప్పుడే చదివి వినిపించాను. ఇంకో రెండు ప్రశ్నలు. ల్యాబ్ నమలకుండా మింగేస్తుంది, మెత్తగా చేసినా మింగుతుంది కదా? పగ్ బొద్దుగా ఉంది, దానికి ఎన్ని? ఇంకా, ఐసు తింటే కడుపు ఉబ్బి కుక్కలు చనిపోతాయని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా?

---

కేలరీల లెక్క:

ముందు వాట్సాప్ సంగతి. ఐసు చల్లదనం వల్ల కడుపు మెలితిరుగుతుందనడానికి ఆధారం లేదు. బాగా పరిగెత్తి వచ్చిన పెద్ద కుక్క గబగబా గిన్నెడు తినేసినా, తాగేసినా గాలి కూడా మింగుతుంది, ఇబ్బంది అక్కడ. అందుకని నడక నుంచి రాగానే పెట్టకండి, ఆయాసం తగ్గాక పెట్టండి.

లెక్క ఇలా. చిరుతిళ్ళన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 30 కిలోల ఇంటి ల్యాబ్‌కి రోజుకి సుమారు 1,400 కేలరీలు, అంటే చిరుతిండి వాటా 140. ఎనిమిది కిలోల పగ్‌కి రోజుకి 530, వాటా 50 చిల్లర. పగ్ బొద్దుగా ఉందన్నారు కాబట్టి అందులోనూ సగమే అనుకోండి.

వంద గ్రాములకి కేలరీలు ఉజ్జాయింపుగా: పుచ్చకాయ 30, ఖర్బూజ 34, బొప్పాయి 43, ఆపిల్ 52, మామిడి 60, పెరుగు 60, అరటి 90. పల్లీ ముద్ద ఒక్క టీస్పూనే 30. అందుకే పల్లీ ముద్దని ఐసులో కలపకుండా పైన గీతలా రాస్తే వాసనకి వాసన, లెక్కకి లెక్క.

పైన మూడో అర గారు చెప్పిన పుచ్చకాయ కొలతకి మొత్తం 195 కేలరీలు, 15 మిల్లీలీటర్ల గుంటలు ముప్పై నిండుతాయి. ఒక్కోటి ఆరున్నర. ల్యాబ్‌కి ఏడెనిమిది, పగ్‌కి మూడు. మామిడిది ముక్కకి ఏడు పైచిలుకు, తేడా పెద్దగా లేదు, ఎందుకంటే నీళ్ళు కలిపారు. కానీ ఉత్త మామిడి గుజ్జు గడ్డకట్టిస్తే తొమ్మిది అవుతుంది, అందులో ఎక్కువ భాగం చక్కెరే.

ఈ ముక్కల కేలరీలు రాత్రి భోజనంలోంచి తగ్గించాలి. ఇది ఎవరూ చెయ్యరు, ఎండాకాలం అయ్యేసరికి కుక్క రెండు కిలోలు పెరుగుతుంది, "పండ్లే కదా పెట్టాం" అంటారు.

ఎవరికి పెట్టకూడదు: షుగర్ ఉన్న కుక్కకి మామిడి, అరటి వద్దు. కిడ్నీ జబ్బుంటే అరటి, కొబ్బరినీళ్ళు రెండూ వద్దు, పొటాషియం ఎక్కువ. ప్యాంక్రియాస్ వాపు ఒకసారి వచ్చి తగ్గిన కుక్కకి పల్లీ ముద్ద, మీగడ పెరుగు జోలికి పోవద్దు. మిగతా కుక్కలకి కూడా పెరుగు మొదటిరోజు ఒక్క చెంచాతో మొదలుపెట్టి మర్నాటి విరేచనం చూసి పెంచండి. తోడు పెట్టినప్పుడు పాలలో లాక్టోజ్ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పడని కుక్కకి పెరుగు బదులు ఉడికించి మెదిపిన గుమ్మడికాయ అంతే తూకం వేయండి. ఐసు మెత్తదనం దాదాపు అదే వస్తుంది.

---

మూడో అర:

మింగేసే ల్యాబ్ సంగతి. ముక్క సైజు మధ్యస్తంగా ఉండటమే ప్రమాదం. నోట్లో పట్టి గొంతులో పట్టనిది అదే. రెండు దారులున్నాయి. మొదటిది, పెద్దగా చెయ్యడం: వెడల్పు ప్లాస్టిక్ డబ్బాలో 100 మిల్లీలీటర్లు పోసి సెంటీమీటరు మందంలో ఒకే పలకగా గడ్డకట్టించి డబ్బాతో సహా నేలమీద పెట్టండి. కొరకడానికి అంచు దొరకదు, నాకాల్సిందే. డబ్బా కింద తడిగుడ్డ వేస్తే ఇల్లంతా తోసుకుంటూ తిరగదు. రెండోది, గాడులున్న సిలికాన్ చాప: మిశ్రమాన్ని చెంచాతో పూసి చదునుగా గడ్డకట్టించడం.

పగ్‌కి చాపే. దాని మూతికి లోతు గిన్నె కుదరదు, ముక్కు మునిగి ఊపిరి ఆడదు. చాప మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు.

స్టీలు గిన్నెలో గడ్డకట్టించి తీసినదాన్ని వెంటనే పెట్టకండి. తడి నాలుక చల్లటి స్టీలుకి అతుక్కుంటుంది, కుక్క లాక్కుంటే తోలు ఊడుతుంది. పుల్ల గుచ్చి ఐస్‌ఫ్రూట్‌లా చెయ్యొద్దు, పుల్ల నమిలితే చీలికలవుతుంది. ఫోటో కోసం పుల్ల కావాలంటే క్యారెట్ ముక్క గుచ్చండి, అదీ తినేస్తుంది. పొడుగు ప్లాస్టిక్ కవర్లలో పోసే పెప్సీ ఐసు పద్ధతి అసలు వద్దు, కవరు కూడా కడుపులోకే.

---

బొల్లారం ఇందిర:

జెలటిన్ కలిపితే గట్టిపడదు, నీళ్ళు విడిపోవు అని ఒక వీడియోలో చూశాను. బొప్పాయితో చేస్తే అసలు పేరుకోలేదు. ఎందుకో?

---

మూడో అర:

బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, జెలటిన్ ప్రోటీనే కాబట్టి దాన్ని కోసేస్తుంది. పచ్చి పైనాపిల్‌లో బ్రోమెలైన్‌దీ అదే పని. గుజ్జుని ఒక పొంగు వచ్చేదాకా కాచి చల్లార్చి కలిపితే ఆ ఎంజైమ్ చచ్చిపోయి పేరుకుంటుంది.

చైనాగడ్డికి ఈ బాధ లేదు, అది ప్రోటీన్ కాదు. అరలీటరు పుచ్చకాయ నీళ్ళకి పొడి ఒక టీస్పూను, రెండు నిమిషాలు బాగా మరగాలి. మరగకపోతే పేరుకోదు, అందరూ ఇక్కడే చెడగొడతారు. పంచదార, ఎసెన్సు కలిపిన జెల్లీ పాకెట్లు కాకుండా ఉత్త పొడి తీసుకోండి. ఒకటే సంగతి, దీన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి. గడ్డకట్టి కరిగితే చైనాగడ్డి నీళ్ళన్నీ వదిలేసి స్పాంజిలా అవుతుంది. ఫ్రిజ్ కింది అరలో చల్లబరిచి ముక్కలు కోసి పెట్టండి. పళ్ళు సరిగా లేని ముసలి కుక్కలకి ఐసు కన్నా ఇదే నయం.

---

నల్లకుంట దేశీ:

తాటి ముంజలు ఎవ్వరు అడగలే. పైన జిగురు పొట్టు మొత్తం వొలిచి నాలుగు ముక్కలు కోసి పెట్టుర్రి. నిండు ముంజ జారి గొంతుల పడతది, దాన్ని గడ్డకట్టిస్తే ఇంకా ప్రమాదం. ముదిరిన ముంజ గట్టిగ ఉంటది, అరగదు. లేతది మాత్రమే.

బస్తీ కుక్కల కోసం చేసేటోళ్ళకి ఒక మాట. పండ్ల ఐసు రోడ్డు మీద పెడితే చీమలు, ఈగలు, కుక్కల కొట్లాట. దాని బదులు రెండు లీటర్ల ఐస్‌క్రీం డబ్బాల నీళ్ళు గడ్డకట్టించి ఆ గడ్డని మట్టి తొట్టిల నీళ్ళల్ల వెయ్యుర్రి. నీడకి పెట్టాలె. రెండు మూడు గంటలు చల్లగుంటయి. చికెన్ ఉడికించిన నీళ్ళు కొంచెం కలిపితే ముసలివి కూడ వచ్చి తాగుతయి, కాని దాంట్ల ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఉప్పు పడొద్దు. తొట్టి రోజూ రుద్ది కడగాలె, లేకుంటే దోమలు.

---

కేలరీల లెక్క:

పగ్ ఉన్నవాళ్ళకి ఇది చెప్పకుండా వదలకూడదు. ఈ ఐసు కాలక్షేపానికి, నోటికి. ఎండదెబ్బ తగిలిన కుక్కకి ఇది వైద్యం కాదు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటి, నాలుక ముదురెరుపై, జొల్లు చిక్కగా కారుతూ, తూలుతుంటే ఐసు నోట్లో కుక్కకండి. స్పృహ సరిగా లేని కుక్క మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు ఒంటి నిండా కుళాయి నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టండి, ఆ తర్వాత బండి తీయండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. మన హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. మీకు దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో ఎండలు ముదరకముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి.

మామూలు రోజుల్లో పగ్‌కి ఈ ఐసు మధ్యాహ్నం ఒంటిగంటకి, ఫ్యాన్ కింద, చల్లటి గచ్చు మీద. ఎండలో తిప్పి తెచ్చి ఐసు పెడితే లెక్క సరిపోదు.

---

సైనిక్‌పురి ల్యాబ్:

నిన్న పుచ్చకాయ కొలత ప్రకారం చేశాను. పొరలు విడిపోలేదు, గోరు దిగింది. డబ్బాలో పలకలా పెడితే ల్యాబ్ పావుగంట నాకింది. రెండే సందేహాలు: ఎన్నాళ్ళు నిలవుంటుంది, కరెంటు పోతే ఏం చెయ్యాలి? ఇవాళ తీసిన ముక్కలు కొంచెం గోధుమరంగుకి తిరిగాయి, పాడైనట్టా?

---

మూడో అర:

రంగు అరటిపండుది. గాలి తగిలి నల్లబడుతుంది, పాడవలేదు. నిమ్మరసం పిండే అలవాటు మనుషుల ఫ్రూట్ సలాడ్‌కి ఉంచండి, దీనికి వద్దు. గడ్డకట్టగానే ట్రేలోంచి తీసి మూత బిగుతుగా పట్టే డబ్బాలో వేస్తే తగ్గుతుంది. సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో రెండు వారాలకి మించి ఉంచొద్దు, దాని చల్లదనం నిలకడగా ఉండదు, మంచు పేరుకుని చేపల వాసన కూడా పడుతుంది.

కరెంటు పోతే తలుపు తీయకండి. వచ్చాక చూస్తే నడిమధ్యలో ఐసు ఇంకా ఉంటే మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు, కాకపోతే ఈసారి గట్టిగా అవుతుంది, గోటి పరీక్ష మళ్ళీ చెయ్యాలి. పూర్తిగా కరిగి గోరువెచ్చగా ఉంటే పెరుగు కలిపింది కాబట్టి పారేయండి. కుక్క వదిలేసిన పలక కూడా అరగంటకి మించి నేలమీద ఉంచకండి. సిలికాన్ చాప గాడుల్లో పెరుగు ఎండిపోతే పళ్ళబ్రష్‌తో వేడినీళ్ళల్లో తోమితేనే వస్తుంది, స్పాంజి అందదు.